మఖ్దూమ్ మొహియుద్దీన్: మజ్దూర్ల మధ్య బతికిన షాయర్

వానలు మొహం చాటేసిన ఏడు ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల పిల్లలు వేరుశనగ చేలు వదిలి కదిరి, ధర్మవరం, అనంతపురం, బెంగళూరు దారి పడతారు. బట్టల షాపుల్లో, కిరాణా హోల్‌సేల్ దుకాణాల్లో చేరతారు. పొద్దున షట్టర్ ఎత్తేది వాళ్లే, రాత్రి దించేది వాళ్లే. రంజాన్ గిరాకీలో చాలామందికి ఇఫ్తార్ కూడా కౌంటర్ వెనకే. ఇలాంటి పనివాళ్ల హక్కుల కోసం బతుకంతా కొట్లాడిన మనిషి మఖ్దూమ్ మొహియుద్దీన్. ఆయన్ని మనం షాయర్‌గానే గుర్తు పెట్టుకున్నాం.

మఖ్దూమ్ 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా అందోల్‌లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. చిన్నాన్న బషీరుద్దీన్ పెంచారు. మసీదు ఊడ్చడం, నీళ్లు మోయడం పిల్లాడి పనులు. రష్యాలో అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారని చిన్నాన్న ఇంట్లో చెప్పిన మాట ఆయన మనసులో నాటుకుపోయింది.

హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు చేతిలో పైసా ఉండేది కాదు. బొమ్మలు, సినిమా తారల ఫోటోలు అమ్మి పొట్ట పోసుకున్నారు. అంటే చిల్లర బేరం కష్టం ఆయనకు ఎవరో చెప్తే తెలిసింది కాదు. ఉస్మానియాలో 1936లో ఎం.ఏ. పూర్తిచేసి, తర్వాత సిటీ కాలేజీలో ఉర్దూ పాఠాలు చెప్పారు. నికరంగా జీతం వచ్చే ఆ ఉద్యోగాన్ని కొన్నేళ్లకే వదిలేసి కార్మికుల్లోకి వెళ్లిపోయారు.

చార్మినార్ సిగరెట్ ఫ్యాక్టరీ, బటన్ ఫ్యాక్టరీ, కరెంటు శాఖ లాంటి చోట్ల యూనియన్లు కట్టారు. 1944లో మొదటి కవితా సంపుటి ‘సుర్ఖ్ సవేరా’ వచ్చింది. 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యారు. నిజాం సర్కార్ వెంటపడితే అజ్ఞాతంలోకి పోయారు. 1951లో దొరికి, జైలుకెళ్లారు. 1952లో షాలిబండలో ఓడినా, హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచారు. అక్కడి తెలుగు రైతులు ఒక ఉర్దూ షాయర్‌ని తమవాడనుకున్నారు. తర్వాత శాసన మండలిలో ప్రతిపక్ష నాయకుడిగా పనిచేశారు. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశారు. ‘బిసాతె రక్స్’ సంపుటికి అదే ఏడాది సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది.

ఆయన మండలిలో ఉన్న కాలంలోనే, 1966లో, ఆంధ్రప్రదేశ్‌కు దుకాణాలు, సంస్థల చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 1988 చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని రాసింది. వారానికి ఒక సెలవు, మధ్యలో విరామం, అదనపు గంటలకు అదనపు కూలి కూడా అందులో ఉన్నాయి. తర్వాత సవరణలు జరిగాయి కాబట్టి, ఇప్పుడు ఎన్ని గంటలో లేబర్ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

ఫ్యాక్టరీలో వందలమంది ఒక్క గేటు దగ్గర కలుస్తారు, యూనియన్ కట్టడం కుదురుతుంది. దుకాణంలో పనిచేసేది ఇద్దరో ముగ్గురో. సేటు చుట్టమో, ఊరివాడో అయ్యుంటాడు, నోరు తెరవాలంటే మొహమాటం. అందుకే చట్టం కాగితం మీదే ఉండిపోతోంది. మీ ఇంటి పిల్లలు షాపులో పనిచేస్తుంటే, వచ్చే జుమ్మా రోజు నమాజుకు వాళ్లకు గంట వదులుతున్నారో లేదో, వారానికి ఒక సెలవు దొరుకుతోందో లేదో అడగండి. మనలో షాపులు నడిపే భాయిలు కూడా ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.