గుంటూరు తల్లులకు అంకితమైన జీవితం
అమెరికా నుంచి వచ్చి స్త్రీల ఆసుపత్రి నెలకొల్పిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్

గుంటూరు: ప్రసవం స్త్రీకి పునర్జన్మ అనే మాట తెలుగునాట ఊరకే పుట్టలేదు. నూటపాతికేళ్ల క్రితం పురిటి గదిలోకి వెళ్లిన ఇల్లాలు బిడ్డతో క్షేమంగా బయటకు వస్తుందన్న భరోసా ఏ ఇంటా ఉండేది కాదు. కాన్పు కష్టమైతే మంత్రసాని చేతి వాటం, ఇలవేల్పుకు మొక్కుకున్న మొక్కు తప్ప మరో దారి కనిపించేది కాదు. అటువంటి రోజుల్లో సముద్రాలు దాటి గుంటూరుకు వచ్చి, ఇక్కడి స్త్రీల కోసం వైద్యశాల నిర్మించి, ఈ నేలపైనే కన్నుమూసిన వైద్యురాలు డాక్టర్ అన్నా సారా కుగ్లర్. ఆమె పేరిట నిలిచిన కుగ్లర్ ఆసుపత్రి గుంటూరు వాసులకు సుపరిచితమే. ఆ పేరు వెనుక ఉన్న మనిషి గురించి, ఆ వైద్యశాల గోడలు లేవడానికి ముందు సాగిన పదిహేనేళ్ల నిరీక్షణ గురించి తెలిసినవారు మాత్రం తక్కువే. ఏటా జులై 26 ఆమె వర్ధంతి.

వైద్య విద్యాభ్యాసం
అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఫిలడెల్ఫియా నగరానికి సమీపాన ఉన్న ఆర్డ్‌మోర్‌లో 1856 ఏప్రిల్ 19న కుగ్లర్ జన్మించారు. స్త్రీలు వైద్యవిద్య అభ్యసించడాన్ని అమెరికా సమాజం సైతం వింతగా చూస్తున్న కాలమది. స్త్రీల కోసమే నెలకొల్పిన పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చేరి 1879లో ఆమె పట్టా పుచ్చుకున్నారు. భారతదేశానికి వచ్చిన తొలి మిషనరీ వైద్యురాలు క్లారా స్వైన్ చదివిందీ ఈ కళాశాలలోనే. స్వైన్ 1870లో బరేలీ చేరి అక్కడ స్త్రీల వైద్యానికి పునాది వేశారు.

పట్టభద్రురాలైన తర్వాత నారిస్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో స్త్రీల విభాగంలో కుగ్లర్ సహాయ వైద్యురాలిగా పనిచేశారు. ఆ విభాగానికి అధిపతి డాక్టర్ ఆలిస్ బెన్నెట్. మతిస్థిమితం కోల్పోయినవారిని కట్టివేయడం, బంధించడం వంటి పద్ధతులకు స్వస్తి పలికిన వైద్యురాలిగా బెన్నెట్‌కు పేరుంది. రోగిని ముందుగా మనిషిగా చూడాలన్న దృక్పథం అక్కడ ఆచరణలో ఉండేది. జీతానికి, గౌరవానికి లోటులేని ఆ ఉద్యోగంలో ఉండగానే గుంటూరు నుంచి ఒక లేఖ ఆమెకు చేరింది.

జీవితాన్ని మలుపు తిప్పిన లేఖ
గుంటూరులో లూథరన్ మిషన్ 1842లోనే మొదలైంది. ఫాదర్ హయ్యర్ దానికి ఆద్యుడు. ఆ మిషన్‌లో పనిచేస్తున్న రెవరెండ్ ఆడం రో 1882లో కుగ్లర్‌కు లేఖ రాశారు. ఇక్కడి స్త్రీలు, విశేషించి ఘోషాలో ఉన్నవారు మగ వైద్యుల ఎదుటకు రారని, వైద్యం అందక ప్రాణాలు కోల్పోతున్నారని, వైద్యురాళ్ల అవసరం ఎంతైనా ఉందని ఆ లేఖ సారాంశం. అది చదివిన కుగ్లర్ తనను గుంటూరుకు పంపవలసిందిగా తమ చర్చికి చెందిన స్త్రీల మిషనరీ సంఘానికి దరఖాస్తు చేసుకున్నారు.

అయితే వైద్యసేవ ప్రారంభించడానికి తాము సిద్ధంగా లేమని సంఘం పెద్దలు తేల్చిచెప్పారు. వెళ్లదలిస్తే ఉపాధ్యాయురాలిగా వెళ్లవచ్చన్నారు. ముస్లిం కుటుంబాల్లో ఘోషా స్త్రీలకు చదువు చెప్పడం ఆమెకు అప్పగించిన బాధ్యత. చేతిలో వైద్య పట్టా, ఆసుపత్రి అనుభవం ఉన్న మనిషికి ఇది మింగుడుపడని షరతే. అయినా ఆమె అంగీకరించారు. అక్కడికి చేరితే వైద్యానికి దారి దానంతటదే ఏర్పడుతుందని విశ్వసించారు. మిత్రులిచ్చిన సొమ్ముతో మందులు, శస్త్ర పరికరాలు సమకూర్చుకుని 1883 ఆగస్టులో ఓడ ఎక్కారు. ఆ ఏడాది నవంబరు 29న గుంటూరు చేరుకున్నారు.

సరిగ్గా అదే సంవత్సరం మరో యువతి ఎదురు దిశలో ప్రయాణించింది. వైద్యం చదవాలన్న పట్టుదలతో అమెరికా వెళ్లిన ఆనందీబాయి జోషి కుగ్లర్ చదివిన కళాశాలలోనే చేరి 1886లో పట్టా పొందారు. స్వదేశానికి తిరిగివచ్చిన కొద్ది నెలలకే 1887లో, ప్రాక్టీసు ఆరంభించకముందే ఆమె కన్నుమూశారు. దేశంలో వైద్యురాళ్ల కొరత ఎంత తీవ్రంగా ఉండేదో ఊహించడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

పాఠాలు చెప్పవచ్చి.. వైద్యం
నాటికి గుంటూరు జిల్లా లేదు. కృష్ణా జిల్లాలో గుంటూరు ఒక పట్టణం. ప్రత్యేక జిల్లా 1904లో ఏర్పడింది. పాఠశాలల బాధ్యత చూస్తూనే కుగ్లర్ తన మందుల పెట్టె తెరిచారు. వైద్యురాలు వచ్చిందన్న కబురు పొక్కడానికి ఎంతో కాలం పట్టలేదు. తొలి ఏడాదిలోనే ఇళ్లకు వెళ్లి 185 మందికి, తన నివాసానికి వచ్చిన 276 మందికి ఆమె చికిత్స చేశారు. సంఘం ఆమెకు వైద్యం కోసం పైసా కేటాయించని కాలంలో సాగిన సేవ ఇది.

పని మాత్రం సులువు కాలేదు. అగ్రవర్ణాల ఇళ్లలో విదేశీయురాలి స్పర్శను మైలగా భావించేవారు. ఆమె కలిపిన మందు నీళ్లు తాగడానికి సందేహించేవారు. అసలే పురిటి మైల పాటించే ఇంట్లో పరాయి మతస్థురాలు కాలుపెట్టడం పెద్ద చిక్కు. దాంతో చాలా ఇళ్లలో అన్ని ప్రయత్నాలూ విఫలమై, తల్లి ప్రాణం కడగట్టిన తర్వాతే దొరసానికి కబురు వెళ్లేది. చేయి దాటిపోయిన కేసును చేపట్టి, ఫలితం వికటిస్తే నింద మోయవలసిన పరిస్థితి. ఆ ఆచారాలను ఎదిరించి వాదనకు దిగకుండా, పిలిచిన ప్రతి గడపకూ వెళ్లడం ద్వారానే ఆమె నమ్మకం సంపాదించారు.

గుంటూరులో రోగుల రద్దీ చూసిన తర్వాత సంఘం పెద్దలు మెత్తబడక తప్పలేదు. 1885 డిసెంబరులో కుగ్లర్‌ను అధికారికంగా మిషనరీ వైద్యురాలిగా నియమించారు. అదే ఏడాది దేశంలోని స్త్రీలకు వైద్యసహాయం అందించే లక్ష్యంతో డఫరిన్ నిధి ఏర్పాటైంది. మద్రాసులో ఘోషా స్త్రీల ఆసుపత్రి ఆరంభమైందీ 1885లోనే. అయితే కృష్ణా తీరపు పల్లెల నుంచి నిండు చూలాలిని మద్రాసు దాకా తీసుకువెళ్లడం సామాన్యులకు సాధ్యమయ్యే పనా? గుంటూరుకు గుంటూరులోనే ఆసుపత్రి కావాలన్నది కుగ్లర్ నిశ్చయం.

చిన్న డిస్పెన్సరీ నుంచి 50 పడకల ఆసుపత్రికి
మొదట చిన్న డిస్పెన్సరీతో పని సాగింది. మందు ఇచ్చి పంపడానికి అది సరిపోయినా శస్త్రచికిత్సకు, క్లిష్టమైన కాన్పుకు అది చాలదు. సెలవుపై స్వదేశం వెళ్లినప్పుడు ఆమె విశ్రమించలేదు. చర్చిల్లోని మహిళా సమాజాలకు గుంటూరు స్త్రీల కష్టాలు వివరించి విరాళాలు కోరారు. స్పందించినవారిలో అత్యధికులు సామాన్య గృహిణులే. వారు కూడబెట్టిన చిన్న చిన్న మొత్తాలే ఆసుపత్రికి మూలధనమయ్యాయి.

గుంటూరులో 18 ఎకరాల స్థలం సేకరించారు. 1893లో అక్కడ డిస్పెన్సరీ భవనం ప్రారంభమైంది. తర్వాత ఐదేళ్లకు 1898 జూన్ 23న 50 పడకల స్త్రీల ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. గుంటూరులో అడుగుపెట్టిన దాదాపు పదిహేనేళ్లకు ఆమె కల ఫలించింది. కాలక్రమంలో ప్రసూతి విభాగం, పిల్లల వార్డు, శస్త్రచికిత్స గది దానికి తోడయ్యాయి. నర్సు కేథరిన్ ఫాస్, డాక్టర్ మేరీ బేర్ ఆమెకు తోడుగా నిలిచారు. మేరీ బేర్ అనంతరం చీరాలలో వైద్యసేవకు అంకితమయ్యారు.

శుభ్రతే ప్రధాన ఔషధం
నేటి తరానికి ఊహకందని విషయం ఒకటుంది. బాలింత జ్వరానికి విరుగుడుగా పనిచేసిన సల్ఫా మందులు 1930 దశకం మధ్యలో గాని రాలేదు. పెన్సిలిన్ వాడుకలోకి వచ్చింది 1940 దశకంలో. అంటే కుగ్లర్ జీవితకాలంలో ఈ రెండూ లేవు. కాన్పు చేసే చేతుల నుంచే బాలింత జ్వరం సంక్రమిస్తోందని, చేతులు శుద్ధి చేసుకుంటే మరణాలు తగ్గుతాయని వియన్నాలో సెమ్మెల్‌వైస్ 1847లో నిరూపించారు. కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను, పరికరాలను శుభ్రపరిచే పద్ధతిని 1860 దశకంలో లిస్టర్ ప్రవేశపెట్టారు. కుగ్లర్ తరం వైద్యుల చేతిలోని ఆయుధాలు ఇవే.

ఆనాటి పురిటి గదుల తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. గాలి, వెలుతురు చొరకుండా తలుపులు బిగించడం, పాత గుడ్డలు వాడటం, శుభ్రపరచని కత్తితో బొడ్డు కోయడం సర్వసాధారణం. ఫలితంగా బాలింతలకు జ్వరం, పసికందులకు ధనుర్వాతం సోకేవి. ఈ నేపథ్యంలో మరిగించిన నీరు, ఉతికిన దుప్పటి, శుద్ధి చేసిన పరికరం, శిక్షణ పొందిన చేయి లభించే ఆసుపత్రి పడక ఒక తల్లికి ఎంత రక్షణో చెప్పనక్కరలేదు. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, నొప్పులు రోజుల తరబడి సాగినప్పుడు ఆ రక్షణే ప్రాణదానమయ్యేది.

ఒక్క వైద్యురాలు ఎన్ని ఇళ్లకని వెళ్లగలదు? అందుకే స్థానిక యువతులకు నర్సులుగా తర్ఫీదునివ్వడం ఆసుపత్రి పనిలో భాగమైంది. ఉన్నత కుటుంబాలు హీనంగా చూసే పురిటి పనిని గౌరవప్రదమైన వృత్తిగా మలచడంలో ఈ శిక్షణ పాత్ర గణనీయమైనది. చదువుకు నోచుకోని పేద ఇంటి ఆడపిల్లలకు సొంత సంపాదన, సమాజంలో గుర్తింపు దీని ద్వారా లభించాయి.

జమీందారు కట్టించిన సత్రం
ఆసుపత్రికి రోగి ఒంటరిగా వచ్చే కాలం కాదది. గూడు బండిలో గర్భిణితో పాటు తల్లి, అత్త, పిల్లలు కదిలివచ్చేవారు. ఇతరుల చేతి వంట తినని కుటుంబాలు బియ్యం, కట్టెలు వెంట తెచ్చుకునేవి. వారికి తలదాచుకునే చోటు, వండుకునే వసతి లేకపోతే తల్లి ఆసుపత్రికి వచ్చే మాటే ఉండదు. ఈ లోటు తీర్చినవారు ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు. సాహితీప్రియుడిగా, మంజువాణి పత్రిక నిర్వాహకుడిగా ఆయన ప్రసిద్ధులు. తన భార్యకు కుగ్లర్ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదుట రోగుల బంధువుల కోసం ఆయన సత్రం కట్టించారు. విదేశీ మిషన్ ఆసుపత్రికి ఎదురుగా హిందూ జమీందారు సత్రం వెలియడం ఆనాటి సమాజంలో చిన్న విషయం కాదు. ఒకనాడు ఆమె స్పర్శకు వెనుకాడిన వర్గాలే క్రమంగా ఆమె ఆసుపత్రిని తమదిగా భావించాయి.

కుగ్లర్ మత ప్రచారాన్ని దాచిపెట్టలేదు. ఆమె మిషనరీ. వైద్యంతో పాటు క్రైస్తవ బోధన కూడా ఆసుపత్రి కార్యక్రమాల్లో భాగమే. దీనిపై నాడు, తర్వాత కూడా భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అయితే ఆమె వైద్యం పొందినవారిలో అన్ని మతాల, అన్ని కులాల స్త్రీలు ఉన్నారన్నది కాదనలేని నిజం. గుంటూరు చరిత్రలో ఆమె స్థానాన్ని నిర్ణయించింది ఆ సేవే.

పురస్కారాలు, తుదిశ్వాస
ప్రజాసేవకు గుర్తింపుగా నాటి ప్రభుత్వం 1905లో కుగ్లర్‌కు కైసర్-ఇ-హింద్ పతకం ప్రదానం చేసింది. 1917లో మరోమారు ఆ గౌరవం దక్కింది. అవివాహితగా ఉండిపోయిన ఆమె జీవితమంతా ఆసుపత్రి చుట్టూనే తిరిగింది. గుంటూరు మిషన్ ఆసుపత్రి చరిత్రను గ్రంథస్థం చేయగా 1928లో అది వెలువడింది. చివరి సంవత్సరాల్లో ఆరోగ్యం సహకరించకపోయినా గుంటూరును విడిచిపెట్టి స్వదేశంలో స్థిరపడాలని ఆమె కోరుకోలేదు. 1930 జులై 26న, తన 74వ ఏట గుంటూరులో తుదిశ్వాస విడిచారు. ఆమె వచ్చి అప్పటికి 46 ఏళ్లు దాటింది. తర్వాత ఆసుపత్రి ఆమె పేరుతోనే కుగ్లర్ ఆసుపత్రిగా స్థిరపడింది.

ఆమె నాటిన విత్తనం గుంటూరుకే పరిమితం కాలేదు. చీరాల, రెంటచింతల వంటి చోట్ల లూథరన్ మిషన్ వైద్యశాలలు వెలిశాయి. గోదావరి తీరాన రాజమండ్రిలో డాక్టర్ లిడియా వోర్నర్ స్త్రీల వైద్యానికి ఇదే బాట వేశారు. పల్లెల నుంచి బండెక్కి వచ్చిన గర్భిణులు బిడ్డను ఒడిలో పెట్టుకుని ఇళ్లకు మరలిన దారులవి.

కాన్పు కోసం ఆసుపత్రికి వెళ్లడం నేడు అతి సహజమైన విషయం. ఒకనాడు ఆ అలవాటును ఇంటింటికీ తిరిగి, మైల నిందలు భరించి, ఒక్కో తల్లి నమ్మకాన్ని గెలుచుకుంటూ నేర్పవలసి వచ్చింది. పాఠాలు చెప్పడానికి మాత్రమే అనుమతి పొంది వచ్చిన ఒక వైద్యురాలు గుంటూరుకు నేర్పిన అతి విలువైన పాఠం బహుశా అదే.