ప్రజల డాక్టరు చెలికాని రామారావు గారు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి రాయమనగానే నాకు డాక్టర్ చెలికాని వెంకట రామారావు గారు గుర్తుకొచ్చారు. మాది శ్రీకాకుళం జిల్లాలో ఏటి అవతలి ఊరు. చిన్నతనంలో ఏరు పొంగి, పడవ నడవక, డాక్టరు అందక మా చెల్లిని జ్వరానికి పోగొట్టుకున్నాం. పల్లెకు డాక్టరు విలువేమిటో అప్పుడే తెలిసింది.

రామారావు గారు 1901 జూలై 15న పిఠాపురం దగ్గరి కొండెవరంలో జన్మించారు. సహాయ నిరాకరణోద్యమంలో చదువు మాని జైలుకెళ్లారు. తరువాత వైద్యం చదివి, రామచంద్రపురంలో ప్రాక్టీసు పెట్టి పేదలకు సేవ చేశారు. సంఘ సంస్కరణ నుంచి కమ్యూనిస్టు పార్టీలోకి నడిచారు. 1952 తొలి ఎన్నికల్లో కాకినాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. చదువురానివారు పెట్టెపై గుర్తు చూసి ఓటు వేసేవారు. 1985లో కన్నుమూశారు.

మందుతో జ్వరం తగ్గుతుంది గాని ఆకలి తగ్గదు. అందుకే ఆయన రాజకీయాల్లోకి వెళ్లారని నా అభిప్రాయం.

మన సంఘంలో రిటైరైన డాక్టర్లు, కాంపౌండర్లు ఉన్నారు. నెలకొక రోజు ఏటి అవతలి ఊళ్లకు వెళ్దామా? మందుల సంచి నేను మోస్తాను.