శతాయుష్కుడైన కర్మయోగి – సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య

డెబ్బై ఐదు సంవత్సరాలు నిండిన విద్యాసంస్థకు ప్లాటినం ఉత్సవం జరుపుతారు. డెబ్బై ఐదు సంవత్సరాలు నిండిన మనిషిని మాత్రం ఇక కదలవద్దనీ, ఒకచోట కూర్చుని విశ్రాంతి తీసుకోవలసిందనీ ఇంటివారు బ్రతిమాలుతారు. ప్రేమతో చెప్పే మాటే అయినా అది మేలు చేసే మాట కాదు. ఇందుకు ఈ సీమలోనే పుట్టి పెరిగిన ఒక మహనీయుని జీవితమే నిదర్శనం. 1935లో, డెబ్బై ఐదేళ్ళ ప్రాయంలో, భారతదేశంలో మోటారు కార్ల పరిశ్రమ నెలకొల్పే మార్గాలను అన్వేషిస్తూ ఆయన ఐరోపా, అమెరికాలలోని కర్మాగారాలను స్వయంగా తిరిగి చూశారు. ఆ తరువాత మరి ఇరవై ఆరేళ్ళకు పైగా జీవించారు. ఆయనే భారతరత్న సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

జననం – బాల్యం

విశ్వేశ్వరయ్యగారు 1860 సెప్టెంబరు 15న నంది కొండల పాదాన ఉన్న ముద్దేనహళ్ళి గ్రామంలో జన్మించారు. నేడు ఆ గ్రామం చిక్కబళ్ళాపురం జిల్లాలో ఉన్నప్పటికీ, 2007లో ఆ జిల్లా ఏర్పడేవరకు అది కోలారు జిల్లాలోనిదే. కనుక మాలూరు తాలూకాలోని లక్కూరు విద్యార్థులకు ఆయన పరాయివాడు కాదు. ఒకే జిల్లా బిడ్డ. ఆయన పూర్వులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం నుండి మైసూరు సీమకు వలస వచ్చినవారు. ఇంటి భాష తెలుగు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ సంప్రదాయ నిష్ఠ గల ఇల్లాలు. ఆస్తి స్వల్పం, ఆచారం అధికం అన్నట్లుగా ఉండే కుటుంబమది.

చిక్కబళ్ళాపురంలో ప్రాథమిక విద్య సాగుతుండగా, చిన్నతనంలోనే ఆయనకు పితృవియోగం కలిగింది. పై చదువులకు బెంగళూరు చేరి మేనమామ రామయ్యగారి అండ పొందారు. చదువుకు చాలినంత ధనం లేనందున, సంపన్నుల ఇంట పిల్లలకు పాఠాలు చెప్పి ఆ సంపాదనతో కళాశాల చదువు సాగించారు. మేనమామ ఇల్లు, పాఠాలు చెప్పే ఇల్లు, కళాశాల – ఈ మూడింటి నడుమ ఆ పేద విద్యార్థికి కాళ్ళే వాహనాలు. లేమి వలన మొదలైన నడక, కలిమి వచ్చిన తరువాత కూడా ఆయనను విడువలేదు. ఆయనే దానిని విడువలేదనడం ఇంకా సబబు.

1881లో సెంట్రల్ కళాశాల నుండి బి.ఏ. పట్టం పొందారు. మైసూరు ప్రభుత్వ సహాయంతో పూనాలో ఇంజనీరింగు చదివి 1883లో ఉత్తీర్ణులయ్యారు. మరుసటి ఏడు బొంబాయి ప్రభుత్వ మరామత్తు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు.

ఎండలో, గట్ల మీద

నాటి ఇంజనీరు ఉద్యోగం గదిలో కూర్చుని చేసేది కాదు. కాలువ గట్ల మీద, నదీ తీరాల వెంట, కొండ దారులలో నడిచి కొలతలు వేయించవలసినది. నాసిక్, ఖాందేశ్, పూనా ప్రాంతాలలో ఆయన పని చేశారు. సింధు రాష్ట్రంలోని సుక్కూరు పట్టణానికి మంచినీటి సరఫరా ఏర్పాట్లు చేశారు. 1903లో పూనా సమీపాన ఖడక్‌వాస్లా జలాశయానికి తాము రూపొందించిన స్వయంచాలక తలుపులను అమర్చారు. వరద నీరు ఒక హద్దు దాటగానే వాటంతట అవే తెరుచుకొని, నీటిమట్టం తగ్గగానే తిరిగి మూసుకునే ఈ తలుపులు ఆయనకు విశేష ఖ్యాతి తెచ్చాయి.

ఇరవై నాలుగేళ్ళ సేవ అనంతరం 1908లో, నలభై ఎనిమిదేళ్ళ వయస్సులో, బొంబాయి ఉద్యోగం నుండి ఆయన స్వచ్ఛందంగా తప్పుకున్నారు. మరొకరైతే పింఛను తీసుకొని స్వగ్రామంలో స్థిరపడి ఉండేవారు. విశ్వేశ్వరయ్యగారి జీవితంలో మనం నేడు స్మరించే ఘనకార్యాలలో అత్యధికం ఆ పదవీ విరమణ తరువాతనే జరిగాయి.

రెండవ జీవితం

1908 సెప్టెంబరు 28న మూసీ నది వరద హైదరాబాదు నగరాన్ని ముంచి వేలమందిని పొట్టనపెట్టుకుంది. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించి వరదను నిలువరించాలని ఆయన సూచించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు ఆ సూచన ఫలితాలే. ముప్పు తెచ్చిన నీరే దశాబ్దాల పాటు నగరానికి త్రాగునీరైంది.

1909లోనే ఆయన మైసూరు సంస్థాన ప్రధాన ఇంజనీరయ్యారు. 1911లో కావేరి మీద కృష్ణరాజసాగర నిర్మాణం ప్రారంభమైంది. ఈ ఆనకట్టకు కోలారు జిల్లాతో దగ్గర సంబంధం ఉంది. 1902 నుండి శివసముద్రం జలవిద్యుత్తు కోలారు బంగారు గనులకు అందుతూ వచ్చింది. వేసవిలో కావేరి ప్రవాహం సన్నగిల్లితే విద్యుత్తుకు లోటు వచ్చేది. నీటిని నిల్వ చేసి ఏడాది పొడుగునా సమంగా విడవడం ఈ ఆనకట్ట ఉద్దేశాలలో ఒకటి. భూగర్భంలో పని చేసిన తెలుగు, తమిళ, కన్నడ కార్మికుల తలలపై వెలిగిన దీపాలకు వెనుక ఆ దూరదృష్టి ఉంది.

1912 నుండి 1918 వరకు ఆయన మైసూరు దివానుగా పనిచేశారు. ప్రాథమిక విద్యను నిర్బంధం చేసే చట్టం, మైసూరు బ్యాంకు, కన్నడ సాహిత్య పరిషత్తు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఆ కాలంలో వెలిశాయి. ఉద్యోగులకూ పౌరులకూ కాలక్షేపానికీ ఆటపాటలకూ ఒక చోటు ఉండాలని 1917లో బెంగళూరులో సెంచురీ క్లబ్బు స్థాపనకు ఆయనే పూనుకున్నారు. పనికి వేళ ఉన్నట్లే దేహానికీ వేళ ఉండాలన్నది ఆయన అభిమతం.

దినచర్య

విశ్వేశ్వరయ్యగారి ఆరోగ్య రహస్యం ఏదో మూలికలో లేదు, కాయకల్ప చికిత్సలో లేదు. ప్రతిదినం నడవడం, మితంగా భుజించడం, వేళకు నిద్రించడం, వేళకు లేవడం, చేతిలో ఎప్పుడూ ఒక పని ఉంచుకోవడం – ఇంతే. మద్యం, పొగాకు ఆయన దరికి రాలేదు. ఇల్లు దాటి వెళ్ళేది ఏ పనికైనా శుభ్రమైన దుస్తులు, తలపాగా ధరించవలసిందే. ఆయన రాకపోకలను చూసి గడియారం సరిచేసుకోవచ్చునని జనం చెప్పుకునేవారు.

ఈ నియమాలలో ఏదీ కష్టమైనది కాదు. వాటిని దశాబ్దాల తరబడి తప్పకుండా పాటించడమే కష్టం. గృహజీవితంలో ఆయనకు సుఖం దక్కలేదు, సంతానమూ లేదు. వార్ధక్యంలో కొడుకుల మీదనో కోడళ్ళ మీదనో ఆధారపడే అవకాశం ఆయనకు విధి ఇవ్వలేదు. తన కాళ్ళ మీద తాను నిలబడడం అనే నానుడి ఆయన విషయంలో అక్షరాలా వర్తిస్తుంది. వాడని పనిముట్టుకు తుప్పు పడుతుంది, వాడుకలో ఉన్నది అరిగినా మెరుస్తూనే ఉంటుందన్న భావాన్ని ఆయన తన నడవడి ద్వారానే తెలియజేశారు.

అరవై దాటిన తరువాత

ఆయన వార్ధక్యాన్ని సంవత్సరాల వారీగా చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1923లో, అరవై మూడవ ఏట, నష్టాలలో ఉన్న భద్రావతి ఇనుము కర్మాగారం అధ్యక్ష బాధ్యత స్వీకరించి, 1929 నాటికి దానిని గాడిలో పెట్టారు. ఆ సేవకు రావలసిన ప్రతిఫలాన్ని తాను వాడుకోలేదు. యువకులకు వృత్తివిద్య నేర్పే సంస్థకు వినియోగించమన్నారు. బెంగళూరులోని శ్రీ జయచామరాజేంద్ర వృత్తివిద్యాలయం అలా 1943లో వెలసింది. 1927 నుండి 1955 వరకు టాటా ఉక్కు సంస్థ డైరెక్టర్లలో ఒకరుగా ఉన్నారు. 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక విధానం అవసరమని గ్రంథం రచించారు. 1941లో అఖిల భారత తయారీదారుల సంస్థను స్థాపించారు. 1946లో, ఎనభై ఐదేళ్ళు దాటిన వయస్సులో, పారిశ్రామికవేత్తల బృందానికి నాయకులుగా విదేశాలు పర్యటించారు. 1951లో తమ ఉద్యోగ జీవిత స్మృతులను గ్రంథంగా వెలువరించారు.

వీటన్నిటినీ మించినది 1952 నాటి సంఘటన. బీహారులో గంగానదిపై వంతెన ఎక్కడ కట్టాలన్న వివాదం చెలరేగింది. ఎవరి ఒత్తిడికీ లొంగని నిపుణుని అభిప్రాయం కావాలని భారత ప్రభుత్వం తొంభై రెండేళ్ళ విశ్వేశ్వరయ్యగారిని ఆశ్రయించింది. బెంగళూరులో కూర్చుని పటాలు చూసి ఆయన అభిప్రాయం వ్రాసి పంపవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఆయన మాత్రం స్వయంగా బీహారు వెళ్ళారు. ఎండ తీవ్రంగా ఉంది. కారు పోలేని చోట్లకు ఆయనను మోసుకొని వెళ్ళడానికి కుర్చీ సిద్ధం చేశారనీ, ఆయన దానిని నిరాకరించి నదీతీరం వెంట చకచకా నడిచారనీ ఆయన జీవిత చరిత్రకారులు చెబుతారు. మొకామా వద్ద నిర్మించిన ఆ వంతెనను 1959లో ప్రారంభించారు. నేడు దానిపై రైళ్ళు పోతున్నప్పుడు, దాని స్థల నిర్ణయంలో ఒక వృద్ధుని కాలి సత్తువకు కూడా పాలు ఉన్నదని ఎందరికి తెలుసు?

1955లో ఆయనకు భారతరత్న బిరుదం లభించింది. 1960 సెప్టెంబరు 15న బెంగళూరు లాల్‌బాగులో శతజయంతి ఉత్సవం ప్రధానమంత్రి నెహ్రూ సమక్షంలో జరిగింది. అదే దినాన తపాలా శాఖ ఆయన చిత్రంతో బిళ్ళ విడుదల చేసింది. తన శతజయంతిని తానే కన్నులారా చూసుకునే భాగ్యం ఎంతమందికి కలుగుతుంది? 1962 ఏప్రిల్‌లో, నూట ఒకటవ ఏడు దాటిన తరువాత, ఆయన పరమపదించారు. అంత్యక్రియలు ముద్దేనహళ్ళిలోనే జరిగాయి. పుట్టిన మన్నే ఆయనను కలుపుకుంది.

ఆయుష్షు – సత్తువ

నడిచిన వారందరూ నూరేళ్ళు బ్రతుకుతారా అంటే, బ్రతకరు. వంశలక్షణం, ఆహారం, ఆపదలు, వ్యాధులు ఆయుష్షును నిర్ణయిస్తాయి. విశ్వేశ్వరయ్యగారి నడకను ఆయుష్షు కొలబద్దతో కొలవడం సరికాదు. తొంభై రెండవ ఏట మోసుకొని పోయే కుర్చీ అక్కరలేకపోవడమే ఆయన సాధించిన విజయం. ఎన్నేళ్ళు బ్రతుకుతామన్నది మన చేతిలో లేదు. బ్రతికినంత కాలం మంచం నుండి తామే లేవడం, బావి దగ్గరకో గుడి దగ్గరకో తామే వెళ్ళిరావడం చాలావరకు మన చేతిలో ఉంది.

నేటి వైద్యశాస్త్రం కూడా ఈ మాటనే సమర్థిస్తున్నది. నడివయస్సు నుండి కండరాల పరిమాణమూ బలమూ క్రమంగా తగ్గుతాయి. అరవై దాటిన తరువాత ఆ తరుగుదల వేగం పెరుగుతుంది. కూర్చున్నకొద్దీ మరింత తగ్గుతాయి. కాళ్ళలో బలం, నిలకడ తగ్గినప్పుడు మనిషి జారి పడతాడు. తుంటి ఎముక విరిగితే ఎందరో వృద్ధులు తిరిగి మునుపటిలా నడవలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనల ప్రకారం అరవై ఐదేళ్ళు దాటినవారు వారానికి 150 నుండి 300 నిమిషాల పాటు ఒక మోస్తరు శ్రమ గల వ్యాయామం చేయాలి. ఇది దినానికి అరగంట చురుకైన నడకతో సమకూరుతుంది. దానికి తోడు వారంలో కనీసం రెండు దినాలు కండరాలకు బలమిచ్చే వ్యాయామమూ, మూడు దినాలు శరీరపు నిలకడను పెంచే వ్యాయామమూ ఉండాలి.

వీటికి ధనం అక్కరలేదు. చేతుల సాయం లేకుండా కుర్చీలోనుండి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు అరచేతులు ఆనించి తోయడం, నీళ్ళు నింపిన చెంబులను చేతులతో పైకెత్తడం, ప్రక్కన గోడ ఆసరా ఉంచుకొని ఒంటికాలిపై కొన్ని క్షణాలు నిలవడం – ఇవి ఏ ఇంటిలోనైనా చేయదగినవే. గుండె జబ్బు, రక్తపోటు, కీళ్ళ బాధ ఉన్నవారు వైద్యుని సలహాతో కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. జీవితమంతా పొలంలో వంగి పనిచేసిన తల్లులు తమకు వ్యాయామంతో పనిలేదనుకుంటారు. పొలం పని మానిన నాటి నుండి వారికీ నడక అవసరమే. వీధిలో ఊరికే నడిస్తే నలుగురు నవ్వుతారన్న సంకోచాన్ని వారు వదలుకోవాలి.

లక్కూరు పాఠశాల ఆవరణలో తొలినాళ్ళలో అక్షరాలు దిద్దిన బాలబాలికలలో ఎందరో నేడు తాతలు, అవ్వలు. ఉత్సవానికి వారిని మనుమలు చేయిపట్టి తీసుకువస్తారు. రావడానికి చేయి పట్టుకున్నా, ఆవరణ చుట్టూ ఒకసారి మనుమనితో కలిసి నడిచి పోవడం వారికి మంచి ఆరంభం. పిల్లలు కూడా విశ్వేశ్వరయ్యగారి ఆనకట్టల పేర్లను పరీక్ష కొరకు కంఠస్థం చేయడంతో సరిపెట్టరాదు. సాయంకాలం ఇంటిలోని పెద్దవారిని బయటకు పిలిచి వారితో అరగంట నడవాలి. కోలారు సీమ కన్న ఆ కర్మయోగికి అంతకు మించిన నివాళి లేదు.