మగపేరు వెనక సోఫీ

1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగించలేనిది ప్రధాన సంఖ్య. 11 అలాంటిదే. దాన్ని రెట్టించి 1 కలిపితే వచ్చే 23 కూడా ప్రధాన సంఖ్యే! ఇలా కుదిరే 11 లాంటివాటికి సోఫీ జెర్మేన్ పేరు పెట్టారు. 2016లో దొరికిన అలాంటి సంఖ్యలో 3,88,342 అంకెలున్నాయి. రాయాలంటే ఎన్ని నోటుబుక్కులు కావాలో!

సోఫీ 1776లో పారిస్‌లో పుట్టింది. పదమూడో ఏట ఫ్రెంచి విప్లవం వల్ల గడప దాటే వీల్లేక, తండ్రి పుస్తకాల్లో లెక్కల్ని పట్టుకుంది. ఆడపిల్లకి లెక్కలేమిటని అమ్మానాన్నా రాత్రిళ్లు కొవ్వొత్తులు తీసేసేవారట, చలిమంట ఆర్పేసేవారట. ఆ పిల్ల దుప్పట్లు చుట్టుకుని, దాచుకున్న కొవ్వొత్తి వెలుగులో చదివేది. నేనూ దుప్పటి చాటున చదివినదాన్నే, కాకపోతే నావి నవలలు!

1794లో పెట్టిన ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఆడవాళ్లకు ప్రవేశం లేదు. పాఠాల నోట్సు తెప్పించుకుని, లెబ్లాంక్ అనే మగపేరుతో రాసి పంపింది. 1804 నుంచి మహా గణితవేత్త గౌస్‌కీ ఆ పేరుతోనే ఉత్తరాలు రాసింది. 1806లో ఫ్రెంచి సైన్యం ఆయన ఊరిమీద పడ్డప్పుడు, ఆయనకేమవుతుందోనని హడలిపోయి, తెలిసిన సేనానికి కబురు పెట్టింది. దాంతో గుట్టు బయటపడింది. గౌస్ మరింత మెచ్చుకున్నాడు.

ఫెర్మా వదిలిపోయిన చిక్కులెక్కకి ఈ సంఖ్యలతోనే ఓ దారి చూపింది. 1831లో రొమ్ము కాన్సర్‌తో పోయింది. మరణపత్రంలో గణితవేత్త అని రాయలేదు. ఆస్తిమీది రాబడితో బతికే మనిషని రాశారు.