ఆకలి తెలిసిన తల్లి – పండిత రమాబాయి

మహారాష్ట్రలో స్థిరపడిన మనవారు పూనా నుండి దౌండ్ వెళ్లే దారిలో కేడ్‌గావ్ స్టేషను చూసే ఉంటారు. కరువు వాతబడిన వందలాది ఆడపిల్లలను ఆ ఊరికి తెచ్చి పెంచిన పండిత రమాబాయి గారిని గూర్చి ఈ మాసం వ్రాయ తలంచాము.

ఆమె 1858లో కన్నడ దేశపు పడమటి కనుమలలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే. తల్లి లక్ష్మీబాయి కూతురికి సంస్కృతం నేర్పారు. పురాణం చదువుతూ క్షేత్రాలు తిరిగే ఆ కుటుంబాన్ని మద్రాసు రాజధానిలో కరువు పట్టుకొన్నది. ఉన్నవన్నీ అమ్ముకొన్నారు. కూలి అడగడానికి కులాభిమానం అడ్డు, చేద్దామంటే ఏ పనీ రాదు. ఆకులు తిని రోజులు గడిపారు. 1874లో తండ్రి, కొద్దికాలానికే తల్లి, ఆపైన అక్క కన్నుమూశారు. పదహారేళ్ల పిల్ల అన్న వెంట కాలినడకన దేశమంతా తిరిగింది. ధాత కరువు కథలు తాతల నోట విన్న మనకు ఇది వేరే చెప్పనక్కర లేదు.

కలకత్తాలో పండితులిచ్చిన బిరుదు, వివాహం, 1882లో వైధవ్యం, మరుసటి ఏట ఇంగ్లండులో బాప్తిస్మము, 1889లో బొంబాయిలో వితంతువులకై శారదా సదన్ – ఇవి చాలామందికి తెలిసినవే.

1896లో మధ్యపరగణాలలో కరువు వచ్చింది. రమాబాయి గారు స్వయంగా వెళ్లారు. కరువు శిబిరాల చుట్టూ దిక్కులేని ఆడపిల్లల కోసం కాచుకొన్న దుర్మార్గులను చూశారు. సుమారు 300 మందిని వెంట తెచ్చుకొన్నారు. అప్పుడు పూనాలో ప్లేగు. అందుచేత కేడ్‌గావ్‌లో తాము కొన్న పొలంలోనే వారిని ఉంచారు.

అటువంటి పిల్లలు అన్నం దాచుకొంటారు, రాత్రులు ఉలిక్కిపడతారు, ఎవరినీ నమ్మరు. శారదా సదన్‌లో పెరిగిన పెద్ద పిల్లలు, తామూ దుఃఖం ఎరిగినవారే, ఈ కొత్తవారిని సాకడానికి ముందుకు వచ్చారు. మాకు అన్నింటికంటె విలువైనదిగా తోచేది ఇదే. తిండి, మందు, ఆపైన చదువు. చదువుతోపాటు నేత, కుట్టు, అచ్చుపని, సేద్యం. చేతపని రాక తన ఇంటివారు పడిన అవస్థ ఆమె మరువలేదేమో అనిపిస్తుంది.

1900లో గుజరాతు కరువు పిల్లలు కూడా చేరగా ఆ ముక్తి సదనంలో దాదాపు రెండువేల మంది అయ్యారు. గుడ్డి పిల్లలకు తడిమి చదువుకొనే బ్రెయిలీ లిపిని కుమార్తె మనోరమ నేర్పారు. 1921లో ఆ కుమార్తె ముందుగా వెళ్లిపోయారు. తొమ్మిది నెలలు తిరగకముందే, 1922 ఏప్రిల్ 5న, తల్లి కేడ్‌గావ్‌లోనే కన్నుమూశారు.