యెర్రగుంట్ల పేరయ్య

ఒంగోలు క్రైస్తవ సంఘచరిత్రమును వ్రాయువారు సామాన్యముగా జాన్ ఎవరెట్ క్లౌ దొరతో ఆరంభింతురు. అమెరికనుబాప్టిస్టు మిషనుకు చెందిన ఆ దొర ఒంగోలునందు కాపురము పెట్టినది 1866 సెప్టెంబరులో. కాని ఆ ప్రాంతపు మాదిగపల్లెలలో క్రీస్తుబోధకు నేలను దున్నినవాడు వేరొకడు. తోళ్ల వర్తకముతో జీవించిన యెర్రగుంట్ల పేరయ్యయే ఆతడు.

ఒంగోలుకు నలువది మైళ్ల దూరమందలి తాళ్లకొండపాడు ఆయన స్వగ్రామము. ఆ మెట్టసీమలో మాదిగలు రైతులకు కపిలతోళ్లును చెప్పులును కుట్టియిచ్చి, కళ్లములవద్ద ధాన్యము పొందుచుండిరి. జాతరలకు డప్పు కొట్టుటయు వారి విధియే. చచ్చిన పశువు వారి పాలు. కాపురము ఊరికి వెలుపల. అయినను ఆత్మచింత ఆ గుడిసెలకు క్రొత్తది కాదు. పోతులూరి వీరబ్రహ్మముగారి సంప్రదాయము వారిలో వ్యాపించియుండెను. పేరయ్యయు వీరమ్మ యను గురువమ్మవద్ద రాజయోగము నభ్యసించెను. అక్షరజ్ఞానమునకు దూరముగా నుంచబడిన జాతిలో, గురుముఖమున విని మననము చేయుట యను విద్య ఇట్లు నిలిచియుండెను. పిమ్మట ఆయనకు అక్కరకు వచ్చినది ఈ విద్యయే.

తోళ్ల బేరమునకై ఉత్తరదేశమునకు పోయినపుడు పాలకొల్లు ప్రాంతమున బౌడెను దొర బోధను, ఏలూరులో అలెగ్జాండరు దొర బోధను ఆయన వినెను. ఒంగోలుకు ఒక బోధకుడు రానున్నాడని తెలిసికొని మరలివచ్చెను. 1866లో ఆయనయు భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. పొందిన దినమునుండి పేరయ్య ఊరకుండలేదు. తాను విన్నది కొంచెమే. ఆ కొంచెమును పల్లెపల్లెకు పంచెను, పంచుచునే నేర్చుకొనెను.

1867 జనవరిలో క్లౌ దొర తాళ్లకొండపాడు చేరునప్పటికి, చుట్టుపట్ల గ్రామములనుండి ముప్పది నలువదిమంది పక్కబట్టలతోను తిండిగింజలతోను వచ్చి తోపులో విడిసియుండిరి. వినిపోవుటకు కాదు, ఉండి నేర్చుకొనుటకు వచ్చినవారు. అయిదు దినముల బోధానంతరము ఇరువది యెనమండుగురు బాప్తిస్మము పొందిరి. దొరకు తెలుగుదేశపు అనుభవము అప్పటికి రెండేండ్లు నిండలేదు. ఆ సభను సమకూర్చినది పేరయ్య నోటిమాటయే.

ఇచట ఒక చిక్కు వచ్చెను. ఒంగోలులో అగ్రవర్ణములవారు కొందరు దొర బోధ నాలకించుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామనిరి. దొర తన గదిలోను, ఆయన భార్య వేరొక గదిలోను బైబిలు తెరువగా, ఇరువురకును పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే ఘట్టము కనబడెనట. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన ఘట్టమది. తలుపు మూయబడలేదు.

సంఘాధ్యక్షునకు పౌలు తిమోతి పత్రికలో చెప్పిన లక్షణములలో బోధనాసామర్థ్య మొకటి. పల్లెలలో ఆ బోధ మూడు నియమములతో మొదలయ్యెడిది. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశుమాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు సులభములే! కాని పంటకాలపు ఆదివారమున పొలమునకు పోకున్న కళ్లములో గింజ దక్కదు. డప్పు ముట్టకున్న గ్రామాధికారులకు కోపము. నూతినీరు నిషేధింపబడిన చోట్లును కలవు. కావున పెద్ద యైనవాడు నియమము చెప్పి మరునాడు పోవుటకు వీలులేదు. ఆకలిగొన్నవారి నడుమ కూర్చుండవలెను. పల్లెపంచాయతి పెద్దలనే క్లౌ దొర సంఘపు పెద్దలుగా నిలుపుటయు, బోధకులు మూడు నెలల కొకమారు ఒంగోలులో కూడి నేర్చుకొని పోవుటయు ఈ యవసరమునుండి పుట్టిన యేర్పాటులే. పల్లెవారు ఈ బోధకులను పూర్వపు గురువులవలెనే ఆదరించి అన్నము పెట్టుచుండిరి.

1876లో మొదలై 1878 వరకు సాగిన క్షామమునందు, క్లౌ దొర బకింగుహాము కాలువలో కొంతభాగము త్రవ్వించు పనిని గుత్తకు తీసికొనెను. బోధకులే మేస్త్రీలైరి. పగలు మట్టిలెక్క, విరామమున బోధ. కూటికై మతము పుచ్చుకొందురేమో యని దొర ఆ కాలమున బాప్తిస్మములను నిలిపివైచెను. సహాయము ముగిసిన పిదప గూడ జనులు తగ్గలేదు. ఎవరు తెలిసి వచ్చిరి, ఎవరు తెలియక వచ్చిరి యని విచారించు భారము బోధకులమీదనే పడెను. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరాంతమునకు సంఖ్య 9,606కు చేరెను.

క్లౌ దొర ద్వితీయ భార్య ఎమ్మా 1899లో మాదిగల కథలను ఆంగ్లమున గ్రంథముగా వెలువరించెను. చెప్పులు కుట్టుచు చెప్పుకొన్న కథలని సూచించు పేరు దానికి పెట్టెను. పేరయ్య జీవితమును ఆ పుటలు మనకు అందించినవి.