స్టోరు కార్డూ... రామారావుగారూ

పోయిన నెల సరుకుల బిల్లుతోపాటు సూపర్ మార్కెట్ వాళ్లు నా చేతిలో ఒక కూపను పెట్టారు. వెయ్యి రూపాయల సరుకు కొంటే వంద తగ్గింపు. నిజానికి ఇంట్లోకి కావలసింది ఆరువందల సరుకే. ఆ వంద మీద ఆశతో ఇంకో నాలుగువందలకు సబ్బులూ, బిస్కెట్లూ బుట్టలో వేసుకున్నాను. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే ఏముంది... వంద మిగలడం అటుంచి మూడువందలు ఎక్కువ ఖర్చయింది! అమ్మ చూసి నవ్వింది. మా జేజి అయితే ఇలా పొరబడేది కాదంది.

జేజికి చదువు రాదు. కానీ ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచిన స్టోరు కార్డుతో నెల గడిపే విద్య మాత్రం బాగా తెలుసు. ఆ కార్డుకు అంత విలువ తెచ్చిన మనిషి నందమూరి తారక రామారావుగారు. తెరమీద రాముడుగా, కృష్ణుడుగా ఆయన మనందరికీ తెలిసినవారే. మన వంటింటి లెక్కల్లోకి ఎలా వచ్చారో ఈసారి చెప్పుకుందాం.

ఆయన 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో పుట్టారు. విజయవాడలో చదువుకునే రోజుల్లో ఇల్లు గడవడానికి హోటళ్లకు పాలు పోశారు. చదువు పూర్తికాకముందే మేనమామ కూతురు బసవతారకంగారితో పెళ్లయింది. 1947లో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం వస్తే మూడు వారాలకే వదిలేసి సినిమాల వైపు నడిచారు. 1949లో ‘మనదేశం’లో తొలిసారి కనిపించారు. 1951లో ‘పాతాళభైరవి’ వచ్చాక ఇక వెనక్కి చూసుకోలేదు.

మన కరువు సీమ గురించి ఆయన తపన పడింది కూడా దాదాపు అప్పుడే. 1952లో రాయలసీమ కరువు బాధితుల కోసం తోటి నటులతో కలిసి ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. చేతికి పేరొచ్చిన కొత్తలోనే జోలె పట్టడం అందరూ చేసే పని కాదు కదా!

అనంతపురం మెట్టభూముల సంగతి తెలిసిందే. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే మంచి ఏడు. వేరుశనగ పండితే పండినట్టు, లేకుంటే అప్పు. పేదిళ్లలో రోజూ రాగిసంగటో, జొన్నరొట్టో. వరి బువ్వ పండక్కో, చుట్టాలొస్తేనో. బియ్యం కొనాలంటే అంగడి సేటు దగ్గర శేరూ రెండు శేర్లూ అప్పు రాయించుకోవాల్సిందే.

1982 మార్చి 29న రామారావుగారు తెలుగుదేశం పార్టీ పెట్టారు. పాత వ్యానును చైతన్యరథం చేసుకుని రాష్ట్రమంతా తిరిగారు. ఆడవాళ్లను ఆడపడుచులని పిలుస్తూ, కిలో రెండు రూపాయలకే బియ్యం ఇస్తానని మాటిచ్చారు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యాక, ఆ ఏడాదే మాట నిలబెట్టుకున్నారు. ఆదాయం తక్కువున్న ఇళ్లకు మనిషికి 5 కిలోల చొప్పున, ఇంటికి 25 కిలోలు మించకుండా. అంటే 50 రూపాయలతో నెలంతా పొయ్యిమీద ఎసరు! అంగడి ధరకూ దీనికీ కిలోకు ఒక్క రూపాయి తేడా ఉన్నా నెలకు 25 మిగిలినట్టే. రెండయితే 50.

అయితే మిగులు దానంతటది రాదు. జేజి పద్ధతి అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. కూలి డబ్బులు చేతికందగానే ముందు 50 రూపాయలు వేరే డబ్బాలో వేసేది. స్టోరు తెరిచే రోజు ఆరా తీసి, మొదటి రోజే పోయి వరసలో నిలబడేది. తక్కెడ ముల్లు చూడనిదే సంచి పట్టేది కాదు. ఎంత అవసరమొచ్చినా కార్డు తాకట్టు పెట్టలేదు. మిగిలిన డబ్బుతో పప్పూ, నూనే తప్ప వేరే ఏదీ కొనలేదు. పైగా చౌకగా వచ్చిందని సంగటి మానలేదు. చాలా ఇళ్లలో స్టోరు బియ్యం వచ్చాక రాగులూ, కొర్రలూ మూలపడ్డాయి. ఆ నష్టం ఇప్పుడు డాక్టర్లు చెబితే మనకు తెలుస్తోంది.

1985 ఎన్నికల్లో రామారావుగారు గుడివాడ, నల్గొండ, హిందూపురం మూడుచోట్లా గెలిచి, మన హిందూపురాన్నే ఉంచుకున్నారు. 1989లోనూ, 1994లోనూ ఇక్కడివాళ్లు ఆయన్నే గెలిపించారు. 1986 చట్టంతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వాటా ఇచ్చారు. దేశం మొత్తానికి ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది.

కానీ బియ్యంలో మిగిలిన డబ్బు సారాకొట్టుకు పోతే ఏం లాభం? ఈ ప్రశ్నను గట్టిగా అడిగింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. 1994 డిసెంబరులో మళ్లీ ముఖ్యమంత్రి అయిన రామారావుగారు మద్యనిషేధం మీద సంతకం చేశారు. పెరిగిపోయిన బియ్యం ధరను తిరిగి రెండు రూపాయలకు దించారు. ఆ రోజుల్లో ఏడెనిమిదేళ్ల పిల్లగా జేజి కొంగు పట్టుకుని స్టోరు వరసలో నిలబడ్డ గుర్తు నాకుంది.

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. 1995లో సొంతవాళ్లే ఆయన్ను గద్దె దింపారు. 1996 జనవరి 18న కన్నుమూశారు. ఆ ఏడాదే బియ్యం ధర మూడున్నర రూపాయలైంది. తర్వాతి ఏడు నిషేధమూ పోయింది. ఖజానాకు భారమని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. ఆ వాదన కొట్టిపారేసేది కాదు. కానీ కరువు ఏట్లో పిల్లల కంచంలో బువ్వ పెట్టిన తల్లికి అడిగితే ఇంకో లెక్క చెబుతుంది. 2023 జనవరి నుంచి ఆహార భద్రత కార్డులకు కేంద్రం బియ్యం ఉచితంగానే ఇస్తోంది. ఆ దారి మొదట తొక్కినవాళ్లలో రామారావుగారొకరు.

స్టోరు కార్డయినా, సూపర్ మార్కెట్ కూపనయినా సూత్రం ఒకటే. ముందు ఇంట్లో ఏం కావాలో చీటీ రాసుకోండి. ఆ చీటీలో ఉన్నదానికి కూపను పనికొస్తే వాడండి, లేదంటే చించేయండి. మిగిలిన డబ్బు ఆరోజే వేరే డబ్బాలో వేయండి. నేను ఈ నెల నుంచి మొదలుపెట్టాను. నా డబ్బా జేజి పాత పోపులపెట్టె!